గుల్ల తిరిగి మోసిన నావ

నావని రెండు ముక్కలుగా కోస్తే తప్ప లారీలో పట్టదని ఆ వచ్చినాయన మా తమ్ముడితో చెబుతున్నప్పుడు నాన్న అక్కడే, చూరు కింద తమ్ముడి వల బాగుచేస్తూ కూర్చుని ఉన్నాడు. వచ్చినాయన కాలవ గట్టున కొత్తగా కట్టిన ఒక రిసార్టుకి మేనేజరు. టేపు పట్టుకుని నావ పొడవూ వెడల్పూ కొలిచాడు. ముందు సగాన్ని గేటు దగ్గర నిలబెడతారట. వెనక సగంలో ఐసు పోసి, భోజనాలు వడ్డించే బల్లలా వాడుకుంటారట. చెక్క పాతదైతే ఫొటోల్లో బాగా పడుతుందని కూడా చెప్పాడు.

"అలాగేనండి. వచ్చే నెల అమావాస్య వెళ్ళాక లారీ పంపండి" అన్నాడు తమ్ముడు.

నాన్న తల ఎత్తలేదు. అల్లిక మాత్రం ఆగిపోయింది. నేను అప్పుడే స్కూలు నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆ ఆగిపోయిన చేతుల్నే చూశాను.

మాది తాళ్ళరేవుకి దిగువన, ఉప్పుటేటి ఒడ్డున ఉన్న పల్లె. నేను దగ్గర్లోని హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. తమ్ముడు ఇంజను పెట్టిన ఫైబర్ బోటులో కాకినాడ అఖాతంలోకి వేటకి వెళ్తాడు. నాన్న వేటగాడు కాదు, నావ నడిపే సరంగు. ఆయన పని అంతా ఆ చెక్క నావ మీదే. అఖాతం అడుగున పేరుకున్న గుల్లని, అంటే చచ్చిపోయిన ఆల్చిప్పల్ని, మనుషులు నీళ్ళలో దిగి తవ్వి బుట్టలతో పోస్తే, తెరచాప ఎత్తి సున్నపు బట్టీలకి చేర్చేవాడు. తరవాత గోడలకి సిమెంటు వచ్చింది. గుల్ల తవ్వడం ఆగిపోయింది. బట్టీలు ఆరిపోయాయి. తోటి నావల్ని ఎవరికి వారు విప్పుకుని పొయ్యిల్లోకీ దడుల్లోకీ వాడేసుకున్నారు. మాది ఒక్కటే తాటాకు పందిరి కింద మిగిలింది. ఏటా వేసవిలో నాన్న దానికి చేపనూనె పట్టించేవాడు. ఎందుకని ఎవరైనా అడిగితే "చెక్క కదా" అనేవాడు, అంతకు మించి చెప్పేవాడు కాదు.

తమ్ముణ్ణి తప్పు పట్టడానికీ లేదు. పందిరి సగం కూలింది, నావ పక్కన పాములు తిరుగుతున్నాయి, వాడికి వలలు ఆరేసుకునే చోటు లేదు. వాడు అడిగినప్పుడు నాన్న వద్దనలేదు. సరే అని కూడా అనలేదు. మా ఇంట్లో అలా అనకపోవడాన్ని వాడు ఒకలా అర్థం చేసుకున్నాడు, నేను ఒకలా.

ఆ వారంలోనే మా స్కూలుకి ఒక పరిశోధకురాలు వచ్చింది. వాళ్ళ అమ్మానాన్నలిద్దరూ రామచంద్రపురంలో టీచర్లు. ఎండకి నల్లబడ్డ ముఖం, మోకాళ్ళ దాకా ఎండిన బురద. పిల్లలకి ఆల్చిప్పల గురించి చెప్పి, చివర్లో స్టాఫ్ రూంలో నన్ను అడిగింది.

"మడ అడవి అంచున ఒడ్డు కోసుకుపోతోంది మేడమ్. ఒకప్పుడు దాని ముందు ఆల్చిప్పల దిబ్బలు ఉండేవి, అలలు వాటి మీద విరిగేవి. ఇప్పుడు పిల్ల చిప్పలు నీళ్ళలో తిరుగుతున్నాయి గానీ అంటుకోడానికి గట్టి చోటు లేదు, అంతా మెత్తటి బురద. పాత గుల్లని కొబ్బరిపీచు సంచుల్లో నింపి వరసగా పేరిస్తే, దాని మీద పట్టుకుంటాయి. పర్మిషన్లన్నీ వచ్చాయి. బోటే దొరకడం లేదు. బరువు మొయ్యాలి, మోకాలి లోతు నీళ్ళలో కూడా తేలాలి. ఫైబర్ బోట్లవాళ్ళు గుల్ల అనగానే వద్దంటున్నారు, అడుగు గీసుకుపోతుందని."

నేను ఆమెని స్కూటీ మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చాను.

నాన్న అంతా విన్నాడు. అమ్మ చేత ఆమెకి మంచినీళ్ళు ఇప్పించాడు. తరవాత ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"అంటే, ఎక్కడి నుంచి తీశామో అక్కడే మళ్ళీ పొయ్యాలంటారు?"

"ఆయ్, దగ్గర దగ్గర అక్కడేనండి బాబాయ్ గారూ."

తమ్ముడు గుమ్మానికి ఆనుకుని వింటున్నాడు. "మేడమ్ గారూ, ఏమీ అనుకోకండి. ఆ అంచునే మేం వలలు వేస్తాం. చిప్పలు పెరిగితే వలలు చిరిగిపోతాయి. కాళ్ళు కోసుకుపోతాయి. మీరు రెండేళ్ళకి రిపోర్టు రాసుకుని వెళ్ళిపోతారు, మేం ఎక్కడికి పోవాలి?"

ఆమె వాడి వైపు తిరిగింది. "వలలు ఎక్కడ వేస్తారో మీరే చూపించండి. ఆ దారి వదిలేసి పేరుద్దాం" అంది.

"నావ అమ్మేశామండి. మాటిచ్చేశాను."

"లారీ అమావాస్య వెళ్ళాక కదరా వచ్చేది" అన్నాడు నాన్న. "కోసేది ఉంటే తరవాత కోసుకోమను. ఈ లోపల నావ నాది."

ఆ మాటతో తమ్ముడు బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే వరండాలో అన్నం తింటూ, ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశారు. కూర ఇంకొంచెం వెయ్యమని చెప్పాలన్నా నన్నే పిలిచేవాళ్ళు.

నావ వడ్రంగిని యానాం పక్క నుంచి పిలిపించాం. పుచ్చిన పలకలు మార్చి, సందుల్లో నూలు కుక్కి, మీద గుగ్గిలం కాచి పూశాడు. పల్లెలో మగవాళ్ళు చాలామంది వచ్చి నావని ఏట్లోకి దింపారు. తమ్ముడు రాలేదు. నీళ్ళలో దిగిన నావ మొదటి రోజు బాగానే కారింది, తరవాత చెక్క ఉబ్బి సందులు మూసుకుపోయాయి. వడ్రంగి మాత్రం తృప్తి పడలేదు.

"ఖాళీగా తేలుతున్న నావకి కింది పలకలే నానతాయండి. పై వరసలు ఎండిపోయే ఉంటాయి. లోడు వేశాక నావ దిగుద్ది, అప్పుడు పైవి నీళ్ళలోకి వస్తాయి. నీళ్ళు పోసి పూర్తిగా ముంచేసి ఇంకో పౌర్ణమి దాకా ఉంచితే మంచిది."

నాన్న పరిశోధకురాలి వైపు చూశాడు.

"పిల్ల చిప్పలు అంటుకోవడం మొదలైంది. ఇంకో పౌర్ణమికి ఉంటుందో లేదో కచ్చితంగా చెప్పలేను" అంది ఆమె. "కానీ ప్రమాదం అనుకుంటే ఆగుదామండి. వచ్చే ఏడాది చూసుకోవచ్చు."

వచ్చే ఏడాదికి నావ ఎక్కడ ఉంటుందో ఆమెకి తెలియదు. మాకు తెలుసు. "ఎల్లుండి వెళ్దాం" అన్నాడు నాన్న.

ఆరిపోయిన బట్టీ వెనక, కాల్చకుండా మిగిలిన గుల్ల గుట్ట ఒకటి ఉంది. పైన గడ్డి మొలిచింది. చివరి రోజుల్లో మా నావే దాన్ని మోసుకొచ్చింది. ఆ గుల్లనే సంచుల్లో నింపి ఎక్కించాం. సగం లోడు అయ్యాక నాన్న ఆపమంటాడేమో అనుకున్నాను. ఆపలేదు. నీటి గీత పై పలకల్ని తాకేదాకా వేయించాడు.

నావలో నలుగురం. చుక్కాని దగ్గర నాన్న, నావని తోసే గెడ పట్టుకుని మా మావయ్య, పరిశోధకురాలు, నేను. మావయ్య పాత రోజుల్లో నాన్నతో కలిసి పనిచేసినవాడే. మావయ్య కొబ్బరికాయ కొట్టి గంగమ్మకి దణ్ణం పెట్టుకున్నాడు. ఆమె కళ్ళు మూసుకుని తన ప్రార్థన తను చేసుకుంది. వెలుగు రాగానే, ఆటు నీటితో పాటు ఏరు అఖాతంలో కలిసే మొగ వైపు కదిలాం.

పొద్దున పూట గాలి నేల వైపు నుంచి వస్తుంది. ఎండ ముదిరాక తిరిగి సముద్రం వైపు నుంచి కొడుతుంది. అది తిరిగేలోపల చేరిపోవాలన్నది నాన్న లెక్క. తెరచాప నిండింది. పలకలు కిర్రుమంటూ ఉంటే మావయ్య నవ్వుతూ, "బావా, ఇది నిన్ను గుర్తుపట్టింది" అన్నాడు. నాన్న నవ్వలేదు. ఆయన చూపు ఎదర నీళ్ళ మీద ఉంది. అక్కడ నీళ్ళ రంగు మారుతోంది.

గాలి త్వరగా తిరిగింది. ముందు తెరచాప వదులై కొట్టుకుంది, తరవాత ముఖం మీదకి చల్లగా తగిలింది. మావయ్య చాప దించేశాడు. అఖాతం లోతు తక్కువ, అందుకే అల పొట్టిగా, వెంట వెంటనే లేస్తుంది. ప్రతి అలకీ నావ ముందు భాగం దిగుతోంది, నీళ్ళు పై పలకల్ని కడుగుతున్నాయి.

"అమ్మాయ్, అడుగున చూడు" అన్నాడు నాన్న.

సంచులు పక్కకి జరిపి చూశాను. అడుగు చెక్కలు కనిపించడం లేదు. నీళ్ళు చీలమండ దాకా ఉన్నాయి. పక్క సందుల్లోంచి దారాల్లా కారుతున్నాయి, ఒక చోట కాదు, ఆ వరస పొడవునా. బకెట్ తీసుకుని తోడటం మొదలుపెట్టాను. పరిశోధకురాలు రెండో బకెట్ తీసుకుంది. మేమిద్దరం ఎంత తోడినా నీళ్ళు అక్కడే ఉన్నాయి. కాసేపటికి అక్కడ కూడా లేవు, పైకి వచ్చాయి.

నాకు ఈత వచ్చు. ఆమెకి వచ్చో రాదో అంతదాకా అడగలేదు. ఆ మాట అప్పుడు అడగడానికి నోరు రాలేదు.

ఇంజను చప్పుడు వినిపించి తల తిప్పాను. తమ్ముడి బోటు. వాడు మమ్మల్ని దూరం నుంచి చూస్తూ పొద్దున్నుంచీ వెనకే వస్తున్నాడని తరవాత తెలిసింది. పక్కకి తెచ్చి, ఇంజను తగ్గించి, మా నావ ఎంత దిగిందో చూశాడు.

"గుల్ల పారబొయ్యండి" అన్నాడు.

నాన్న చుక్కానిని ఇంకాస్త తిప్పాడు.

"అక్కా, నీకే చెబుతున్నాను. సంచులు తోసెయ్. ఒక్కొక్కటీ తోసెయ్."

నేను దగ్గరున్న సంచి మీద చెయ్యి వేశాను. పరిశోధకురాలు కూడా, "తోసేద్దాం బాబాయ్ గారూ. గుల్ల మళ్ళీ దొరుకుతుంది" అంది.

"ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడు నాన్న, గొంతు పెంచకుండా. "లోపల నీళ్ళున్నాయి. ఒక పక్క బరువు తీస్తే నీళ్ళన్నీ రెండో పక్కకి పోతాయి. నావ ఒరిగిపోద్ది. అదిగో, ఆ కొంగలు నిలబడ్డ చోట బురద మేట ఉంది. దాని మీదకి ఎక్కిస్తాను."

"ఈ లోడుతో ఎక్కిస్తే అడుగు పగిలిపోద్ది నాన్నా."

"పగిలితే బురదలో పగులుద్ది. ఇక్కడైతే నీళ్ళలో పగులుద్ది."

నెల రోజుల తరవాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. ఇంజనుతో లాగితే నావ ముక్కు అలలోకి దిగిపోతుందని తమ్ముడికీ తెలుసు. తాడు విసిరి తన బోటుని మా నావ వెనక కట్టి, ఇటు దూకాడు. రెండో గెడ తీసుకుని మావయ్యకి ఎదురుగా నిలబడ్డాడు. ఇద్దరూ గెడ గుచ్చి, భుజం ఆన్చి, నావ అంచు వెంట వెనక్కి నడుస్తూ తోశారు. మళ్ళీ ముందుకి వచ్చి మళ్ళీ గుచ్చారు. నాన్న చుక్కానిని రెండు చేతులా పట్టుకుని అల పక్క నుంచి తగలకుండా చూస్తున్నాడు. నేను తోడుతున్నాను. చేతులు తిమ్మిరెక్కాయి. కొంగలు లేచిపోవడం చూసి, దగ్గరికి వచ్చామని తెలుసుకున్నాను.

అడుగు బురదని తాకింది. మెత్తగానే తాకింది. ఇంకొంచెం జారి ఆగింది. ఊపిరి పీల్చుకునేలోపల కింద నుంచి ఒక చప్పుడు వచ్చింది. ఎండుకొమ్మ విరిగినట్టు ఒకటే చప్పుడు. అందరం విన్నాం.

ఆటు ఇంకా తీస్తోంది. చూస్తుండగానే చుట్టూ నీళ్ళు తగ్గి, నావ మేట మీద నిలబడిపోయింది. దిబ్బ పేర్చాల్సిన చోటు అక్కడికి కేకేస్తే వినిపించే దూరం. లోతుగా ఉన్న పాయలో తమ్ముడి బోటు తేలుతోంది. వాడే దాన్ని దగ్గరికి తెచ్చి, "ఇందులో వెయ్యండి" అన్నాడు. అడుగు గీసుకుపోతుందన్న సంగతి ఆ పూట ఎవరూ తలవలేదు. కొన్ని సంచులు బోటులో వెళ్ళాయి. మిగతావి తొడల లోతు బురదలో దిగి మోశాం. పరిశోధకురాలు తాడు కట్టి వరసలు చూపించింది, తమ్ముడు వలల దారి ఎక్కడ వదలాలో చూపించాడు. ఒడ్డుకి ఎదురుగా, అల వచ్చే వైపు, సంచి మీద సంచి పేర్చాం. నాన్నని దిగొద్దన్నాం. దిగాడు. చేత్తో ప్రతి సంచినీ నొక్కి చూశాడు, కదులుతున్నవాటి కింద ఇంకా గుల్ల కుక్కాడు.

నావ ఖాళీ అయ్యాక పగులు కనిపించింది. అడుగున ఒక పలక మూరెడు పొడవున చీలింది. పోటు నీళ్ళు వచ్చేస్తాయి. అవి నావని లేపుతాయా, లోపలికి వస్తాయా అన్నదే ప్రశ్న. నాన్న పనిముట్ల పెట్టె తెరిచాడు. తమ్ముడు కొబ్బరిపీచు సంచి ఒకటి విప్పి, తన పాత వల ముక్కలతో కలిపి పేని, చీలికలో ఉలితో కుక్కాడు. కూర్చునే బల్ల నుంచి ఒక చెక్క ఊడదీసి దాని మీద వేసి మేకులు కొట్టాడు. నాన్న పక్కన గొంతుక్కూర్చుని, "ఇటు పక్క ఇంకోటి" అని మాత్రం అంటున్నాడు.

పోటు మొదలైంది. బురద మీద పీతలు కన్నాల్లోకి వెళ్ళిపోయాయి. నీళ్ళు నావ చుట్టూ చేరి, పలకల్ని ఎక్కుతున్నాయి. మేం అయిదుగురం ఆ చెక్కముక్కనే చూస్తూ కూర్చున్నాం. దాని అంచున తడి కనిపించింది. చుక్క కట్టింది. ఇంకో చుక్క. పరిశోధకురాలు నా చెయ్యి పట్టుకుంది. తమ్ముడు అరచేత్తో చెక్కని నొక్కి పట్టుకుని, అలాగే ఉండిపోయాడు, పట్టుకుంటే ఆగేదన్నట్టు. నావ ఒక పక్క కొంచెం కదిలింది. మళ్ళీ బురదలోకి కూర్చుంది. రెండోసారి కదిలినప్పుడు కూర్చోలేదు.

"చాప ఎత్తు బావా" అన్నాడు నాన్న.

సముద్రపు గాలి ఇప్పుడు మా వెనక నుంచి వీస్తోంది. తాడుకి కట్టిన తమ్ముడి బోటు నావ వెనకే వస్తోంది. ఇంటికి చేరేదాకా తమ్ముడు ఆ చెక్క మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. కాని బురదలో ఎక్కడో, మిగిలిన పాత ఆల్చిప్పల మీద నాన్న కాలు పడింది. అరికాలు తెగింది. ఎవరికీ చెప్పలేదు. ఆయనకి చాలాకాలంగా సుగరు. అన్నం తినకుండా పడుకుంటున్నాడని అనుమానం వచ్చి అమ్మ కాలు చూసేసరికి పాదం ఉబ్బి నల్లబడుతోంది. కాకినాడ ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరు ముందు పాదం తీసెయ్యాలి అన్నారు. తరవాత, మందులు పనిచేస్తే వేళ్ళతో పోవచ్చు అన్నారు. అప్పుడు కూడా కచ్చితంగా చెప్పలేమనే అన్నారు.

వార్డు బయట బెంచీ మీద నేనూ తమ్ముడూ. వాడు నా వైపు చూడకుండా అన్నాడు. "నువ్వు ఆవిణ్ణి ఇంటికి తీసుకురాకపోతే ఇదంతా లేదక్కా."

"నావని కోస్తానన్నప్పుడు ఆయన చేతులు నువ్వు చూడలేదు."

"చూశాను" అన్నాడు. "చూడకుండా ఎలా ఉంటాను?"

వాడు వెళ్ళి టీ తెచ్చాడు. అది చల్లారిపోయింది.

నాన్నకి రెండు వేళ్ళు తీసేశారు. పాదం మిగిలింది. ఆయన ఆసుపత్రిలో ఉండగానే అమావాస్య వెళ్ళింది, రిసార్టు నుంచి తమ్ముడికి ఫోను వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. "లేదండి. నావ పనిలో ఉందండి" అన్నాడు. అవతల ఏదో గట్టిగా అన్నారు. "ఆయ్, మాటిచ్చానండి. తప్పు నాదే" అని పెట్టేశాడు.

పేర్చిన దిబ్బ సంగతి చాలాకాలం తెలియలేదు. ఆ ఆగస్టులో గోదావరికి వరద వచ్చి ధవళేశ్వరం గేట్లన్నీ ఎత్తేశారు. అఖాతం అంతా ఎర్రనీళ్ళు. తీపినీళ్ళు ఎక్కువైతే పిల్ల చిప్పలు చచ్చిపోతాయి, ఒండ్రు పడితే పూడిపోతాయి. పరిశోధకురాలు వారం వారం ఫోను చేసేది. మేం చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. శీతాకాలంలో ఒకరోజు తమ్ముడు చిరిగిన వల తెచ్చి వాకిట్లో పడేశాడు. చిరుగు పొడవునా అంచులు కత్తిరించినట్టున్నాయి. వదిలిన దారిలో కాదట, గాలికి వల పక్కకి కొట్టుకుపోయి దిబ్బకి తగిలిందట. వాడు తిడతాడేమో అనుకున్నాను. జేబులోంచి ఒక గుల్ల తీసి నాన్న చేతిలో పెట్టాడు. దాని మీద గోరంత చిప్పలు అంటుకుని ఉన్నాయి, బతికినవి, గట్టిగా మూసుకున్నవి. నాన్న వాటిని బొటనవేలితో తోసి చూశాడు. ఊడలేదు.

తరవాత వెళ్ళి చూశాం. ఒక వరస పూర్తిగా ఒండ్రులో పూడిపోయింది. ఇంకొక వరసలో సంచులు చివికి గుల్ల చెల్లాచెదరైంది. అల వచ్చే వైపు వరస మాత్రం నిలిచింది. దాని వెనక ఒడ్డు ఆ ఏడాది తక్కువ కోసుకుపోయిందని పరిశోధకురాలు చెప్పింది, ఒక్క ఏడాది చూసి ఏమీ తేల్చలేమని కూడా చెప్పింది. ఇప్పటికి రెండుసార్లు మళ్ళీ లోడు వేశాం. నావని ముంచి, పౌర్ణమి నుంచి పౌర్ణమి దాకా నానబెట్టాకే. చుక్కాని తమ్ముడిది. నాన్న కర్ర ఊతంతో రేవు దాకా వచ్చి, నీటి గీత చూసి, ఇక చాలు అని లోడు ఆపిస్తాడు.

ఈ మధ్య ఇంట్లో కొత్త గొడవ మొదలైంది. గాలి అడ్డం తిరిగినప్పుడు గెడలతో తొయ్యడం ఇద్దరి వల్ల కావడం లేదని, నావ వెనక చిన్న ఇంజను పెడదామని తమ్ముడు అంటున్నాడు. దానికి వెనక పలకలు కోసి, ఇనప చట్రం బిగించాలి. నాన్న వద్దంటున్నాడు. ఈసారి నోరు తెరిచే వద్దంటున్నాడు. ఇద్దరూ గట్టిగానే వాదించుకుంటున్నారు, వరండాలో, అన్నం కంచాల ముందు. మొన్న వడ్రంగి వచ్చి, నావ వెనక భాగం మీద సుద్దముక్కతో గీత గీసి, ఏదో ఒక మాట చెప్పండి అని అడిగాడు. ఇద్దరూ నా వైపు చూశారు. ఒక పౌర్ణమి ఆగమన్నాను.